చేతితో కూర్చిన జన్యువు – ప్రత్తి రైతునకు దానితో గల సంబంధము

పోయిన వానకాలమున విత్తనముల పంపకము జరుగుచుండగా, సంఘ కార్యాలయపు వసారాలో ఒక వృద్ధ సభ్యుడు మమ్ము నిలిపి, "అయ్యా, ఈ బీటీ గింజలో ఏదో జన్యువు పెట్టినారంటారు గదా, అది ఎక్కడినుంచి తెచ్చినారు?" అని యడిగెను. మేము తొందరలో నుండి, "మంటిలోని ఒక సూక్ష్మజీవినుండి తీసినారు, తాతగారూ" అని చెప్పి, రిజిస్టరులో సంతకములు పెట్టించు పనిలో పడితిమి. ఆ రాత్రి ఇంటికి చేరి యాలోచింపగా మా ప్రత్యుత్తరము సగమే నిజమని తోచెను. ప్రత్తిలో చేరిన యా జన్యువునకు మాతృక సూక్ష్మజీవియే యైనను, అది ఉన్నదున్నట్లుగా తీసి పెట్టినది కాదు. మనుష్యులు ప్రయోగశాలలో అక్షరములు మార్చి తిరిగి కూర్చినది. ఈ భేదము చిన్నది కాదు. మిగిలిన సగము ప్రత్యుత్తరమును ఈ పత్రికాముఖమున సభ్యులందఱకును తెలుప దలచితిమి.

మొదట జన్యువన నేమో చెప్పవలెను. ప్రతి ప్రాణియొక్క కణములందును డి.ఎన్.ఏ. అను మిక్కిలి సన్నని త్రాడు గలదు. అది రెండు పోగులు పేనిన త్రాడు. ఒక్కొక్క పోగున నాలుగు విధములైన రసాయనపు పూసలు వరుసగా గ్రుచ్చినట్లుండును. శాస్త్రజ్ఞులు వానికి ఏ, టీ, జీ, సీ అని పేరిడిరి. ఒక పోగులో ఏ యున్నచోట రెండవ పోగులో టీ యుండును. జీ యున్నచోట సీ యుండును. కావున ఒక పోగు తెలిసిన రెండవది తనంతట తెలియును. ఈ నాలుగక్షరముల వ్రాతయే వరిమొక్కకును గేదెకును మనకును మూలము. ఆ వ్రాతలో ఒక్కొక మాంసకృత్తును చేయుటకు వలయు నాజ్ఞ గల భాగమునకు జన్యువని పేరు.

మాంసకృత్తనునది ఇరువది రకముల అమైనో ఆమ్లములను గొలుసువలె కూర్చగా నేర్పడునది. జన్యువులోని మూడేసి యక్షరములు ఒక మాటయై, ఏ యామ్లమును తెచ్చి కలుపవలెనో తెలుపును. నాలుగక్షరములతో మూడేసి చొప్పున 64 మాటలు పుట్టును. అందు మూడు మాటలు "ఇచ్చట ఆపుము" అనుటకు. తక్కిన 61 మాటలును ఇరువది యామ్లములకు. అనగా ఒక యామ్లమునకే పెక్కు మాటలు గలవు. ల్యూసీను అను నామ్లమునకు ఆఱు మాటలున్నవి. తల్లి యనినను మాత యనినను పిలువబడునది ఒక్కతయే గదా. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. మున్ముందు దీనితోనే పని.

ఇక ఆ సూక్ష్మజీవి. 1901వ సంవత్సరమున జపాను దేశమున ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులు చచ్చుటకు కారణము వెదకుచు దీనిని కనుగొనెను. 1911లో జర్మనీలోని తురింగియా ప్రాంతమున బెర్లీనరు అనునాతడు పిండిపురుగులలో దీనిని చూచి, ఆ ప్రాంతపు పేరే పెట్టెను. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనుదాని పొట్టిపేరే మన బీటీ. ఇది స్ఫటికమువంటి మాంసకృత్తును చేయును. దానిని తిన్న గొంగళిపురుగు ప్రేవుగోడలకు చిల్లులు పడి అది చచ్చును. మన ప్రేవులలోను పశువుల ప్రేవులలోను ఆ మాంసకృత్తు పట్టుకొనుటకు తావు లేదు.

ఈ జన్యువును మొక్కలో పెట్టిన, మొక్కయే పురుగుమందును చేసికొనునని 1980 తరువాతి సంవత్సరములలో పెక్కుచోట్ల ప్రయత్నించిరి. పెట్టగలిగిరి గాని ఫలము స్వల్పము. మొక్కలో ఆ మాంసకృత్తు లేశమాత్రముగనే పుట్టెను. కారణమేమన, సూక్ష్మజీవి వ్రాతలో ఏ, టీ అను నక్షరములు మెండు. నూటికి అఱువదికి పైగా అవియే. మొక్క అట్టి వరుసలను చూచి "ఆజ్ఞ ఇచ్చట ముగిసినది" అని పొరబడి నడుమనే త్రెంచివేయుచుండెను. మఱియు సూక్ష్మజీవి వాడు మాటలు మొక్క తరచుగా వాడునవి కావు. కోస్తా సంతలో ఆనపకాయ యనిన వెంటనే చేతికిత్తురు. వేఱొకచోట అదే మాట యనిన అంగడివాడు తెల్లబోవును, సొరకాయ యనవలెను. కాయ ఒకటియే.

అప్పుడు అమెరికాలో మన్సాంటో కంపెనీ శాస్త్రజ్ఞులు, అర్థము చెడకుండ మాటలు మార్చి ఆ జన్యువును మొక్కకు తెలిసిన యాసలో తిరిగి వ్రాసిరి. 1991లో వారు ప్రకటించిన ఫలితములు చూడదగినవి. పూర్తిగా తిరిగి కూర్చిన జన్యువున మొదటి యక్షరములు నూటికి 79 మాత్రమే నిలిచినవి, 21 మారినవి. అట్టి జన్యువును పొగాకు, టమాటా మొక్కలలో పెట్టగా, మునుపటికంటె నూఱు రెట్లవరకు మాంసకృత్తు పుట్టెను. పురుగుమందు అదియే, వ్రాత మాత్రమే వేఱు. ప్రత్తిలోని జన్యువునకును ఈ రీతిగనే అక్షరములు మార్చిరి. మన దేశమున 2002 మార్చిలో సాగునకు అనుమతి పొందిన బీటీ ప్రత్తిలో నున్నది అట్టి జన్యువే.

అక్షరములను మార్చుట యెట్లు? కలము పట్టి వ్రాయునట్టిది కాదు గదా యని యడుగవచ్చును. దీనికి మూలపురుషుడు మన దేశమున పుట్టినవాడు. హరగోవింద ఖొరానా 1922లో పంజాబులో, నేడు పాకిస్తానులో చేరిన ముల్తాను జిల్లాయందలి రాయపూరను కుగ్రామమున జన్మించెను. తండ్రి పట్వారీ, అనగా మన కరణమువంటివాడు. నూఱుమంది యున్న యా యూర చదువు వచ్చిన కుటుంబము ఇంచుమించు వారిదొక్కటియే. మొదటి నాలుగేండ్ల చదువు చెట్టుక్రింద సాగినది. లాహోరున చదివి, 1945లో ప్రభుత్వ వేతనముపై ఇంగ్లండుకు పోయి, 1949లో తిరిగివచ్చి యిచ్చట తగిన పని దొరకక మరల విదేశమునకు పోయెను. జన్యువులోని మూడేసి యక్షరముల మాటలకు అర్థము తేల్చిన పనికి 1968లో మఱి యిద్దఱితో కలిసి నోబెలు బహుమానము పొందెను.

1970లో ఆయన అమెరికాలోని విస్కాన్సినున తన సహచరులతో గూడి, ఏ ప్రాణినుండియు తీయక, సీసాలలోని రసాయనముల నుండియే ఒక జన్యువును కూర్చినట్లు ప్రకటించెను. లోకమున చేతితో చేసిన మొదటి జన్యువు అదియే. పులియబెట్టు ఈస్టునందలి 77 అక్షరముల చిన్న జన్యువునకు అది నకలు. చిన్న చిన్న ముక్కలను రసాయనవిధమున చేసి, గోడకట్టువాడు ఇటుకల కీళ్లు ఒకదానిపై నొకటి పడకుండ పేర్చినట్లు రెండు పోగుల ముక్కలను తప్పించి పేర్చి, లిగేజు అను ఎంజైముతో అతికించిరి. దీనికి ఏండ్లు పట్టినవి. ఆ మొదటి జన్యువు చూపుటకే గాని పని చేయునది కాదు. దానికి ఆరంభింపుమని, ఆపుమని చెప్పు గుర్తులు లేవు. 1976లో మసాచుసెట్సున, ఆ గుర్తులతో సహా సుమారు 200 అక్షరముల వేఱొక జన్యువును చేసి సూక్ష్మజీవిలో పెట్టగా అది నిజముగా పని చేసెను. 77 అక్షరముల కొఱకు అన్ని యేండ్లు శ్రమించిన యా ఓర్పు మాకు ప్రత్తి సంకరమునకు పూవు పూవునకు చేతితో పుప్పొడి తాకించు పనిని జ్ఞాపకము చేయును.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో అచ్చట నొక చిన్న అచ్చుకూటముండెను. సెలవుదినమున పోయి, కంపోజిటరు సీసపు అక్షరములను ఒక్కటొక్కటిగా ఏరి వరుసలో పేర్చుట చూచుచుండెడివారము. నేటి జన్యువుల యంత్రము చేయు పనియు నట్టిదే. గాజుపూసకు మొదటి యక్షరమును అంటింతురు. తరువాతి యక్షరమునకు ఒక వైపున మూతపెట్టి పంపుదురు. కావున అది యొక్కటియే అతుకును, దానిపై మఱియొకటి ఎక్కదు. పిమ్మట మూత తీసి, మఱియొక యక్షరమును పంపుదురు. 1981లో కొలరాడోలో కేరుథర్సు అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరుడును కనుగొనిన యీ పద్ధతియే యంత్రములకు ఆధారమైనది.

అయినను యంత్రమును తప్పు చేయును. ప్రతి కూర్పునను నూటికి తొంబదితొమ్మిది పోగులలో అక్షరము సరిగా అతుకునని యనుకొందము. ఇది మిక్కిలి మంచి పనియే యనిపించును. కాని కాలువ ప్రతి తూమువద్దను నూటికొక పాలు నీరు జారిపోయినచో, నూఱు తూములు దాటిన పిమ్మట చివరి పొలమునకు చేరునది 37 పాళ్లే. ఇచ్చటను అంతే. నూఱక్షరములు కూర్చునప్పటికి సరియైన పోగులు నూటికి 37 మాత్రమే మిగులును. 200 అక్షరములకు 13. అందుచే ఎంత పెద్ద యంత్రమైనను పొడవైన జన్యువును ఒక్కపెట్టున చేయదు. ముక్కలుగా చేసి, ఖొరానా చేసినట్లే అతికించి, అచ్చు ప్రూఫు దిద్దినట్లు అక్షరమక్షరము చదివి, తప్పున్నవానిని పాఱవేయుదురు. బీటీ మాంసకృత్తు గొలుసులో 1,178 ఆమ్లములున్నవి. దాని జన్యువునకు మూడున్నర వేల యక్షరములు వలయును. ఎంత దిద్దుబాటు కావలెనో చదువరులే లెక్క వేసికొనవచ్చును.

ఈ విద్య ముందుగా వచ్చినది పొలమునకు కాదు, వైద్యశాలకు. మధుమేహరోగులకు వలయు ఇన్సులినును మునుపు పందుల, పశువుల క్లోమములనుండి తీయుచుండిరి. 1978లో అమెరికాలో ఇటాకురా, రిగ్సు మొదలగువారు మనుష్యుని ఇన్సులినుకు జన్యువును రసాయనములతో కూర్చి సూక్ష్మజీవిలో పెట్టి, దానిచే ఇన్సులినును చేయించిరి. 1982లో అది అమెరికాలో అమ్మకమునకు అనుమతి పొందెను. నేడు మన యూళ్లలో సూదిమందు పొడుచుకొను మధుమేహరోగులు వాడునది ఈ మార్గమున వచ్చినదే. జన్యువనిన విషమని భయపడు సభ్యులు తమ యింటనే దాని మేలు పొందుచుందురు.

భయమునకు బొత్తిగా కారణము లేదనియు మేము చెప్పము. 2002లో న్యూయార్కు రాష్ట్రమున కొందఱు శాస్త్రజ్ఞులు, తపాలాద్వారా తెప్పించుకొన్న ముక్కలతో పోలియో వ్యాధిక్రిమిని, సుమారు 7,500 అక్షరముల దానిని, ప్రయోగశాలలో చేసి చూపిరి. వ్రాయుట నేర్చినవాడు మంచి పత్రమును వ్రాయవచ్చును, దొంగ దస్తావేజును వ్రాయవచ్చును. అందుచే జన్యువులు చేసి యమ్ము ముఖ్యమైన కంపెనీలు వచ్చిన ఉత్తరువులను ప్రమాదకరమైన క్రిముల వ్రాతలతో సరిచూచుచున్నవి.

ఇక మన ప్రత్తి సంగతి. బీటీ వచ్చిన క్రొత్తలో శనగపచ్చ పురుగు తగ్గి, మందుల ఖర్చు తగ్గిన మాట నిజము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విత్తనపు ధరపై పోరాడి, 450 గ్రాముల పొట్లమును 750 రూపాయలకు దింపించినది. అంతకు ముందు దానికి రెట్టింపునకు మించి యుండెను. ఆ పొట్లముతోబాటు 120 గ్రాముల బీటీ కాని గింజలు వేఱుగా నిచ్చెడివారు. వానిని చేనిచుట్టు ఐదు వరుసలుగా గాని, నూటికిరువది పాళ్లు గాని వేయవలెనని నియమము. మన రైతులలో ఎందఱు వేసిరి? చాలమంది గట్టుమీద పాఱవేసిరి. ఇందు మా తప్పును గలదు. ఒక గ్రామమున ప్రదర్శన క్షేత్రము వేయించునప్పుడు రైతు, "ఆ గింజ వేస్తే పురుగుకు మేత పెట్టినట్టే గదండీ" యనగా, మేము నవ్వి యూరకుంటిమి. ఆ మాట తప్పని యప్పుడే కూర్చుండి చెప్పవలసినది. కొన్ని సంవత్సరముల పిమ్మట ఆ చేలలోనే గుడ్డిపూలు చూచితిమి. కాయ విప్పిన లోపల గులాబీరంగు పురుగు. ఆ రైతు మమ్మేమియు అనలేదు. చెడిన ప్రత్తిని చేతిలో పట్టుకొని చూపెను, అంతే.

పురుగునకు మేత పెట్టుటయే ఆ వరుసల పని. కోటానుకోట్ల పురుగులలో ఏ యొకటి రెండో బీటీని తట్టుకొని బ్రతుకును. ప్రక్కన సాధారణ ప్రత్తిపై పెరిగిన మామూలు పురుగులు రెక్కలపురుగులై వీనితో జతగట్టిన, పుట్టు సంతతి చాలవఱకు బీటీ తిని చచ్చును. ఆ వరుసలు లేనిచో తట్టుకొన్నవి తట్టుకొన్నవానితోనే జతగట్టును; పిల్లలన్నియు తట్టుకొనునవే. శనగపచ్చ పురుగు కంది, శనగ మొదలగు పెక్కు పైరులు తినును గావున దానికి మన పొలములలో ఇతర మేత సహజముగనే దొరకినది. గులాబీరంగు పురుగునకు ప్రత్తియే యిల్లు. 2010 నాటికి గుజరాతున అది మొదటి బీటీ జన్యువును గెలిచినది. 2006లో రెండవ జన్యువును చేర్చి విడుదల చేసిన ప్రత్తినికూడ పిమ్మట గెలిచినది.

అమెరికాలోని అరిజోనాలోను ఈ పురుగే, ఈ జన్యువే. అచ్చటి రైతులు ఏండ్ల తరబడి సాధారణ ప్రత్తి వరుసలను విడువక వేసిరి. 2006 నుండి గొడ్డుజేసిన రెక్కలపురుగులను విమానములతో విడిచిరి. 2018లో ఆ దేశపు ప్రత్తినుండి గులాబీరంగు పురుగు నిర్మూలమైనదని ప్రకటించిరి. జన్యువును ఎంత చక్కగా వ్రాసినను దాని యాయువు చేనిగట్టున నున్న ఐదు వరుసలపై నాధారపడినదని దీనివలన మాకు తెలిసినది. ఇటీవల మన పొట్లములలో సాధారణపు గింజలను విడిగా నీయక, 475 గ్రాములలో 25 గ్రాములు కలిపియే యిచ్చుచున్నారు. రైతు పాఱవేయుటకు వీలులేదు. ఈ యేర్పాటు ఇరువది యేండ్ల క్రిందటనే రావలసినదని మా యభిప్రాయము.

గెలిచిన పురుగుపై మరల గెలుచు జన్యువును వ్రాయలేరా? ప్రయత్నములు లేకపోలేదు. 2007లో మెక్సికో శాస్త్రజ్ఞులు బీటీ మాంసకృత్తులో మొదటనుండు కొంత భాగమును తీసివేసి, తట్టుకొను పురుగులనుకూడ చంపునట్లు మార్చి, గులాబీరంగు పురుగుపైనను ప్రయోగశాలలో పరీక్షించి చూపిరి. కాని ప్రయోగశాలనుండి మన చేనికి దూరము చాల గలదు. జన్యువును వ్రాయుట నేడు సులభమైన భాగము. 2000 ప్రాంతమున ఒక్కొక యక్షరమునకు అనేక డాలర్లు పట్టినది, నేడు పది సెంట్లలోపు. 2010లో అమెరికాలో వెంటరు అను నాతని బృందము పదిలక్షలకు పైగా అక్షరములు గల ఒక సూక్ష్మజీవి వ్రాతనంతయు కూర్చి, వేఱొక సూక్ష్మజీవి కణములో పెట్టి బ్రతికించినది. కష్టమంతయు ఏమి వ్రాయవలెనో తెలియుటలో నున్నది. బెట్టను తట్టుకొనుట, దిగుబడి హెచ్చుట వంటి గుణములు ఒక జన్యువు పని కాదు. పెక్కు జన్యువుల పొత్తు. ఆ పిమ్మట మొక్కలో పెట్టుట, ఏండ్ల తరబడి పరీక్షించుట, ప్రభుత్వానుమతి. అక్షరముల ధర యింతగా పడిపోయినప్పుడు ఈ పనిని కంపెనీలకే విడువక మన ప్రభుత్వ పరిశోధనాస్థానములే చేయవలెనని మేము గట్టిగా తలంచుచున్నాము. విత్తనపు ధర పోరాటము మరల రాకుండుటకు అదియొక మార్గము.

అట్టి దారి తెరచినట్లే కనబడుచున్నది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము రెండు వరి రకములను ప్రకటించినది. ఒకటి హైదరాబాదునందలి వరి పరిశోధనాసంస్థ మన సాంబ మసూరి నుండి చేసిన కమల. రెండవది మార్టేరు రకమైన 1010 వరి నుండి ఢిల్లీలో చేసినది. వీనిలో పరాయి జన్యువును పెట్టలేదు. వరికున్న జన్యువులోనే, ఎంచుకొన్న తావున, చిన్న దిద్దుబాటు చేసిరి. ఆ తావును చూపుటకు ఇరువది యక్షరముల గుర్తు కావలెను. అట్టి గుర్తును చేయుటకు పైన చెప్పిన యంత్రముపై కూర్చిన ముక్కలే సాధారణముగా మూలము. మొత్తము పుస్తకమును తిరిగి వ్రాయక ఒక్క అచ్చుతప్పును దిద్దినట్లు. కమలలో వెన్నునకు గింజలు హెచ్చునని, కోతకు కొన్ని దినములు ముందు వచ్చునని చెప్పుచున్నారు. మన చేలలో చూచిన పిమ్మట మేమును చెప్పెదము.

సభ్యులకొక హెచ్చరిక. క్రొత్త జన్యువు, కలుపుమందు కొట్టినను చావని ప్రత్తి యని బిల్లు లేని పొట్లములను సంతలలో కొందఱు అమ్ముచున్నారు. అట్టి ప్రత్తికి సాగు అనుమతి లేదు. పంట పోయిన, బిల్లు లేనివానికి పరిహారమడుగుటకు ఆధారమును లేదు. సంఘముద్వారా గాని, లైసెన్సు గల అంగడిలో గాని కొని, బిల్లును, ఖాళీపొట్లమును పంట చేతికి వచ్చువఱకు దాచవలెను.

మమ్ము ప్రశ్నించిన వృద్ధునకు మొన్న ఈ సంగతులన్నియు చెప్పితిమి. ఆయన సాంతము విని, "అయితే ఆ వరుసలు మీరే ఎక్కడైనా వేసి చూపించండి" యనెను. రాబోవు వానకాలమున ఆయన చేని చుట్టును ఐదు వరుసల సాధారణ ప్రత్తి వేయించి, ఎకరమునకు నాలుగు లింగాకర్షక బుట్టలు కట్టించ నిశ్చయించినాము. పూత పట్టిన పిమ్మట వారమునకొకమాఱు గుడ్డిపూలు లెక్కించి, ఆ లెక్కను సంఘ కార్యాలయపు పలకపై వ్రాయుదుము. చూడగోరు సభ్యులు ఉదయము ఎనిమిది గంటలలోపు చేనికి రావలెను.